టైఫాయిడ్‌కి డీఎన్ఏ టీకా ఎందుకు రాలేదు?

పునుగుల_బండి:
మొన్న బాబుకి టైఫాయిడ్ టీకా వేయించాను, కాంజుగేట్ అట, ఒక్క డోసు చాలన్నారు డాక్టర్‌గారు. డబ్బాలో కాగితం చదివితే "వీఐ పాలీశాకరైడ్" అని ఉంది, అంటే చక్కెరే కదా? కోవిడ్‌కి 2021లో మన దేశంలోనే జైకోవ్-డి అని డీఎన్ఏ టీకాకి అనుమతిచ్చారు, సూది కూడా లేదు, చిన్న పరికరంతో చర్మంలోకి కొట్టేవారు. పేగు జబ్బులకి అదెందుకు చేయరు? నేను బీకామ్, నెమ్మదిగా చెప్పండి.

ల్యాబ్‌కోటు:
సగం జవాబు ఆ కాగితంలోనే ఉందండీ. డీఎన్ఏ టీకా అంటే గుండ్రటి డీఎన్ఏ ముక్క, ప్లాస్మిడ్ అంటాం. మన కణమే దాన్ని చదివి ప్రోటీన్ తయారు చేస్తుంది, ఒళ్లు ఆ ప్రోటీన్‌ని గుర్తుపెట్టుకుంటుంది. కరోనా వైరస్ ఒంటి మీద ముల్లులా ఉండే స్పైక్ అనేది ప్రోటీనే కాబట్టి కుదిరింది. వీఐ మాత్రం టైఫాయిడ్ బ్యాక్టీరియా ఒంటి మీద చక్కెర పూత, ఒక్క జీన్ పెడితే తయారయ్యే సరుకు కాదు. ఉత్త చక్కెర ఇస్తే రెండేళ్లలోపు పిల్లల ఒళ్లు పట్టించుకోదు, అందుకే టెటనస్ టాక్సాయిడ్ అనే ప్రోటీన్‌కి అతికిస్తారు, కాంజుగేట్ అంటే అదే. అలా చేస్తే 6 నెలల పసివాళ్లకీ పనిచేస్తుంది. నేపాల్ పిల్లల్లో మొదటి ఏడాది 81.6 శాతం రక్షణ కనిపించింది.

గుంటూరు_కారం:
బ్రో, బ్యాక్టీరియాకి ప్రోటీన్లే ఉండవా ఏంటి? వాటి జీన్ పెట్టొచ్చుగా.

ల్యాబ్‌కోటు:
పెట్టొచ్చు, పెట్టారు కూడా. చిట్టెలుకల్లో భేషుగ్గా వస్తుంది, మనుషుల దగ్గరికొచ్చేసరికి నీరసం. పైగా బ్యాక్టీరియా ప్రోటీన్‌ని మన కణం తయారు చేస్తే దానికి తన అలవాటు ప్రకారం చక్కెరలు తగిలించేయొచ్చు, అప్పుడు అసలు రూపం మారిపోతుంది.

మాజీ_మైక్రో_మాస్టారు:
ఇంకో సంగతి మర్చిపోతున్నారు, రక్షణ ఎక్కడ కావాలి అన్నది. టైఫాయిడ్ క్రిమి పేగు దాటి రక్తంలోకి దిగుతుంది కాబట్టి భుజానికి వేసిన టీకా దాన్ని అక్కడ పట్టుకుంటుంది. గత్తర (కలరా) క్రిమి అలా కాదు, పేగు గోడనే అంటిపెట్టుకుని విషం కక్కుతుంది. దానికి పేగు జిగురులో ఐజీఏ అనే రకం యాంటీబాడీలు ఉండాలి, కండకి సూది వేస్తే అవి పెద్దగా రావు. మా చిన్నప్పుడు జాతరకి వెళ్లాలంటే గత్తర సూది వేయించుకోవాల్సిందే, చెయ్యి రెండ్రోజులు లేచేది కాదు, తీరా చూస్తే రక్షణ అంతంతమాత్రం. ఆ సూది పోయింది, ఇప్పుడు నోట్లో పోసేది. హైదరాబాద్‌లో తయారైన శాంకాల్ అలాంటిదే, రెండు వారాల తేడాతో రెండు డోసులు ఇచ్చేవారు.

ల్యాబ్‌కోటు:
నిజమే మాస్టారూ. డీఎన్ఏని కూడా నోటి ద్వారా పంపాలని చూశారు. ఉత్త ప్లాస్మిడ్ కడుపులో బతకదు, అందుకని బలం తగ్గించిన సాల్మొనెల్లాలో (టైఫాయిడ్ క్రిమిది కూడా ఈ జాతే) పెట్టి 1997లో చిట్టెలుకలకి తాగించారు, లిస్టీరియా అనే మరో బ్యాక్టీరియా నుంచి రక్షణ వచ్చింది. అంటే జబ్బు చేసే జాతి క్రిమినే కొరియర్ బాయ్‌గా వాడుకున్నారన్నమాట.

పునుగుల_బండి:
అర్థమైంది సార్, థాంక్స్. ఆ కొరియర్ సంగతి మాత్రం మా ఆవిడకి చెప్పను, ఇప్పటికే బండి మీద పునుగులు మాన్పించేసింది.