‘తమకం’ అంటే మోహమా, తొందరా? మీ వాడుక చెప్పండి

‘తమకం’ అనగానే ఇప్పుడు చాలామందికి స్త్రీ పురుషుల మధ్య మోహమే తోస్తుంది. కానీ నిఘంటువుల్లో ఆ అర్థంతో పాటు త్వర, ఆతురత కూడా ఉన్నాయి. ‘తమకించు’ అంటే తొందరపడటం, ఆత్రపడటం. ‘తమకపడకు’ అంటే కంగారుపడకు అనే.

ఈ వాక్యం చూడండి: ‘ఆమె తమకంతో తలుపు గడియ తీసింది.’ ఆమెది వలపా, ఆత్రమా? వచ్చింది ప్రియుడైతే రెండూ కలిసిపోతాయి, చిక్కులేదు. అదే చాలాకాలానికి ఇల్లు చేరిన కొడుకైతే? పాత అర్థంలో వాక్యం సరైనదే, కానీ నేటి పాఠకుడు ఉలిక్కిపడతాడు. ‘ఆరాటం’ అని మారిస్తే ఇబ్బంది తీరుతుంది గానీ అందులో దిగులు చేరుతుంది. ‘ఆవేశం’ అసలే కుదరదు. దాని మూలార్థం లోపలికి ప్రవేశించడం, పూనకం. ఇప్పుడు మాటల్లో ఎక్కువగా కోపానికే వాడుతున్నాం.

‘తమి’ అన్నా కోరికే కాబట్టి ‘తమకం’ దానికి చుట్టమనిపిస్తుంది. ఆయుర్వేదంలోని ‘తమకశ్వాస’ను మాత్రం దీనితో కలపకండి, అది సంస్కృతపదం, ఉబ్బస వ్యాధి పేరు.

తెలిసినవారు దయచేసి చెప్పండి: మీ ఇంట్లోగానీ ఊళ్లోగానీ పెద్దవాళ్లు తొందర అనే అర్థంలో ‘తమకం’ వాడతారా? ‘పాటంటే తమకం’ అంటే మీ చెవికి సహజంగా ఉందా, లేక ‘తపన’, ‘మక్కువ’ అనే అంటారా? అర్థం ఒక్కటే రాస్తే చాలదు, విన్న వాక్యం యథాతథంగా, ఏ ప్రాంతపు మాటో కూడా రాయండి.