‘అబ్లార’ చాలదా, ‘అబ్లాసె’ కూడా నేర్చుకోవాలా?

ఆరంభకుడు: స్పానిష్ ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్‌కు, అంటే గతంలోని కోరికనో జరగని ఊహనో చెప్పే క్రియారూపానికి, రెండు వరసలున్నాయి. మాట్లాడటం అనే అర్థమున్న ‘అబ్లార్’ క్రియకు అబ్లార, అబ్లారస్, అబ్లార, అబ్లారమొస్, అబ్లారయిస్, అబ్లారన్ అనేది ఒకటి. అబ్లాసె, అబ్లాసెస్ అంటూ సాగేది రెండోది (నొక్కి పలికే అచ్చును దీర్ఘంగా రాస్తున్నాను). లాటిన్ అమెరికాలో దాదాపు ఎప్పుడూ ‘ర’ వరసే వినిపిస్తున్నప్పుడు రెండూ బట్టీ పట్టడం వృథా శ్రమ కాదా?

పాఠకురాలు: మాట్లాడటం వరకే అయితే మీ మాట ఒప్పుకుంటాను. కానీ స్పెయిన్‌లో అచ్చయిన నవలల్లో ‘సె’ రూపాలు ఎదురవుతూనే ఉంటాయి. పైగా ఇందులో బట్టీ పట్టవలసింది ఎంత? ‘వారు మాట్లాడారు’ అనే అబ్లారొన్‌లో చివరి ‘రొన్’ తీసేసి ‘ర’ చేర్చినట్లే ‘సె’ చేర్చాలి. తినడమైతే కొమియేరొన్, కొమియేర, కొమియేసె. అంతే.

అనువాదకుడు: రెండూ అన్నిచోట్లా ఒకటే అనుకోవడం సరికాదు. హోటల్లో ‘ఒక కాఫీ కావాలండి’ అని మర్యాదగా అడిగేటప్పుడు ‘కిసియేర’ అంటారే గాని ‘కిసియేసె’ అనరు. పుట్టుకలోనే తేడా ఉంది: లాటిన్‌లో అంతకుముందే జరిగిపోయిన పనిని నిశ్చయంగా చెప్పే ‘అమావెరమ్’ నుంచి ‘ర’ వరస వచ్చింది, సబ్‌జంక్టివ్ రూపమైన ‘అమావిస్సెమ్’ నుంచి ‘సె’ వరస వచ్చింది. అయినా ఆరంభకుడు గారూ, మనవాళ్లకు అసలు చిక్కు రూపాల దగ్గర కాదు. ‘నువ్వు మాట్లాడాలని కోరుకుంటున్నాను’ అన్నా, ‘కోరుకున్నాను’ అన్నా మన ‘మాట్లాడాలని’ కదలదు. స్పానిష్‌లో మొదటిది ‘కియేరొ కె ఆబ్లెస్’, రెండోది ‘కెరీయ కె అబ్లారస్’. అలాగే ‘వాన వస్తే’, ‘నేను పక్షినైతే’ అనే రెండింటికీ మనకు ఒకటే ‘తే’ సరిపోతుంది. జరిగే అవకాశం లేని రెండోదానికి వాళ్లు ఈ సబ్‌జంక్టివ్‌నే వాడతారు. శ్రమ అక్కడ పెట్టండి.

ఆరంభకుడు: అనువాదకుడు గారూ, నిన్న తరగతిలో సరిగ్గా మీరు చెప్పిన వాక్యంలోనే తడబడ్డాను. ‘అబ్లారస్’ అనవలసిన చోట నొక్కు చివరికి జారి ‘అబ్లరాస్’ అనేసరికి, అది ‘నువ్వు మాట్లాడతావు’ అనే భవిష్యత్తు అయిపోయింది. ‘అబ్లాసెస్’ అని ఉంటే ఆ గందరగోళమే ఉండేది కాదు. నేను వద్దన్న వరసే నా నాలుకకు సుఖమేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది.