గ్యాస్ గ్రిల్లు, బొగ్గుల గ్రిల్లు రెండూ వాడేవారు ఉన్నారా?

మేము డాలస్ దగ్గర ఉంటాము. పెరట్లో నాలుగేళ్లుగా గ్యాస్ గ్రిల్లు ఉంది. పోయిన నెల ఒక మిత్రుడు ఇల్లు మారుతూ తన 22 అంగుళాల గుండ్రటి బొగ్గుల గ్రిల్లు ఇచ్చి వెళ్లాడు. అప్పటినుంచి ఇంట్లో పంచాయితీ. "రెండెందుకండీ, ఒకటి తీసేయండి" అని మా ఆవిడ.

ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. ఆఫీసు నుంచి వచ్చాక నాలుగు మొక్కజొన్న పొత్తులు కాల్చుకోవాలంటే గ్యాస్ పది నిమిషాల్లో వేడెక్కుతుంది. బొగ్గులైతే చిమ్నీ డబ్బాలో పోసి, కింద కాగితం ముట్టించి, పైన తెల్లగా బూడిద పట్టేదాకా 20 నిమిషాలు కాచుకోవాలి. కానీ పెరుగు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి తొడల కొవ్వు నిప్పుల మీద చుక్కచుక్కగా పడి, ఆ పొగ మళ్లీ ముక్కకు పట్టినప్పటి రుచి ఉందే, అది గ్యాస్ మీద నాకు ఎన్నడూ రాలేదు.

చిక్కల్లా ఒకటే. ముక్క లోపల ఉడికిందనడానికి థర్మామీటరు 165 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపాలి, అది చూపేసరికి బొగ్గుల మీద తోలు మాడిపోతోంది. నిప్పులన్నీ ఒక పక్కకు తోసి, ముక్కలు రెండో పక్కన పెట్టి మూత వేయాలంటారు. అప్పుడు గాలి రంధ్రాలు ఎంత తెరవాలి? లేదా ముందు గ్యాస్ మీద ఉడకనిచ్చి, చివరి ఐదు నిమిషాలు బొగ్గుల మీద తిప్పితే ఆ పొగ వాసన పడుతుందా?

బూడిద సంగతి కూడా చెప్పండి. మర్నాడు కదిపితే లోపల ఇంకా ఎర్రగా కనిపించి గుండె ఝల్లుమంది. శనివారం పన్నెండు మంది భోజనానికి వస్తున్నారు.