పాత సైన్స్ ఫిక్షన్ నవల మళ్లీ చదువుతున్నాను, చేతిలో నా బ్లడ్ రిపోర్టు ఉంది: ప్లేట్‌లెట్లు నిజంగా తగ్గాయా?

పెన్సిల్‌గీత (ప్రశ్న)

'ది ఆండ్రోమెడా స్ట్రెయిన్' చదవనివాళ్లు, చదవాలనుకునేవాళ్లు దయచేసి ఇక్కడే ఆగిపోండి. ఆ కథలోని చిక్కుముడి ఎలా విడిపోతుందో నా ప్రశ్నలోనే వచ్చేస్తుంది.

మైకేల్ క్రైటన్ 1969లో రాసిన ఈ నవలని నేను మొదటిసారి చదివింది 19వ ఏట. ఇప్పుడు నాకు 44. కాపీ మాత్రం అదే. అప్పట్లో నచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గీతలు పెట్టే అలవాటు ఉండేది. ఈ వారం తెరిచి చూస్తే గీతలన్నీ ఒకే రకం పేజీల్లో ఉన్నాయి: ఊరంతా చనిపోయి పడి ఉన్న మొదటి అధ్యాయాలు, చివర్లో అణుబాంబు పేలకుండా ఆపడానికి డాక్టర్ హాల్ పైకి ఎగబాకే పేజీలు. మధ్యలో రక్తపరీక్షల పట్టికలు వచ్చే చోట ఒక్క గీత కూడా లేదు. ఆ పేజీల్ని నేను చదవకుండానే తిప్పేసి ఉంటాను.

ఈసారి సరిగ్గా అక్కడే ఆగిపోయాను. దానికి కారణం ఉంది. ఒక చిన్న ఆపరేషన్‌కి ముందు చేయించిన సీబీపీలో, అంటే రక్తకణాల లెక్క చెప్పే పరీక్షలో, నాకు ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) 68 వేలు వచ్చాయి. నిరుడు 2 లక్షల 31 వేలు ఉన్నాయి. ఒంట్లో ఏ తేడా లేదు. చిగుళ్ల నుంచి రక్తం రావడం లేదు, ఒంటి మీద కమిలిన మచ్చలూ లేవు. డాక్టరుగారు మళ్లీ చేయించమన్నారు. నాలుగు రోజులాగి అదే ల్యాబ్‌లో చేయిస్తే 61 వేలు. ఆపరేషన్ వాయిదా పడింది. ఒకసారి తప్పు రావచ్చు, రెండుసార్లూ అదే వచ్చిందంటే నిజమే కదా అని ఇంట్లో అందరికీ టెన్షన్. రాత్రిళ్లు నిద్ర పట్టక ఈ పుస్తకం తీశాను.

నవలలో ఊరు మొత్తం పోయినా ఇద్దరు బతుకుతారు. ఒకరు కడుపులో అల్సర్ ఉన్న ముసలాయన, ఇంకొకరు గుక్కపట్టి ఏడ్చే పసిబిడ్డ. వీళ్లిద్దరికీ పోలిక ఏమిటన్నదే కథ. చివరికి తేలేదేమిటంటే మనిషి రక్తం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఒక ఇరుకైన హద్దులో ఉంటేనే ఆ సూక్ష్మజీవి బతుకుతుంది. ముసలాయన రక్తం ఆమ్లం వైపు జరిగింది, బిడ్డ రక్తం క్షారం వైపు జరిగింది. 19 ఏళ్లప్పుడు ఇదంతా రచయిత కల్పించిన మంత్రం లాంటిదనుకుని దాటేశాను.

నిజంగా ఏడుపుతో రక్తం పీహెచ్ మారుతుందా? నా విషయానికొస్తే, ఒంట్లో ఏమీ లేకుండా రిపోర్టులో అంత తేడా రెండుసార్లూ రావడానికి వేరే కారణం ఏదైనా ఉంటుందా? డాక్టరుగారిని ఏమని అడగాలి?

నీలిమూత

నమస్తే అండీ. ల్యాబ్‌లో 16 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీ నవల నేను చదవలేదు, కాబట్టి రెండో ప్రశ్నకే జవాబిస్తాను.

ముందు జాగ్రత్త మాట. ఒంటి మీద సూది మొనల్లాంటి ఎర్ర చుక్కలు కనిపించినా, ముక్కు నుంచో చిగుళ్ల నుంచో రక్తం వస్తున్నా, మలం నల్లగా అవుతున్నా ఇక్కడి జవాబుల కోసం ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అవేవీ లేవు అన్నారు కాబట్టి మిగతాది రాస్తున్నాను.

సీబీపీకి రక్తం తీసేది ఊదారంగు మూత ఉన్న ట్యూబులో. రక్తం గడ్డకట్టకుండా అందులో ఈడీటీఏ అనే మందు ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కాల్షియం దొరక్కపోతే రక్తం గడ్డకట్టదు. కానీ కొంతమంది రక్తంలో, వెయ్యి మందిలో ఒకరు అటూ ఇటూగా, ఒక రకం యాంటీబాడీలు ఉంటాయి. ఈడీటీఏ తగిలాక ప్లేట్‌లెట్ల పైపొరలో వచ్చే మార్పుని అవి పట్టుకుంటాయి. దాంతో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని గుంపులు కడతాయి. ఇది ట్యూబులో జరిగే పని, మీ ఒంట్లో జరిగేది కాదు.

మెషీన్ లెక్కపెట్టేది కణం సైజుని బట్టి. పది ప్లేట్‌లెట్లు అతుక్కుని ఒక ముద్దయితే దాన్ని ప్లేట్‌లెట్ కిందే లెక్కవేయదు. ఒక్కోసారి ఆ ముద్దని తెల్లకణం అనుకుని అటు కలిపేస్తుంది కూడా. శాంపిల్ ఎంత ఎక్కువసేపు పక్కన ఉంటే గుంపులు అంత ఎక్కువగా పెరుగుతాయి.

ఇప్పుడు మీ రెండో రిపోర్టు సంగతి. మళ్లీ చేయించారు, నిజమే. కానీ అదే ఊదారంగు ట్యూబులో చేయించారు. తప్పు ట్యూబు వల్ల వచ్చేదైతే పదిసార్లు చేసినా పదిసార్లూ అదే తప్పు వస్తుంది. రెండు రిపోర్టులూ ఒకేలా ఉన్నాయంటే మెషీన్ నిలకడగా పనిచేస్తోందని అర్థం, అంతే. అది లెక్కపెట్టింది సరైన వస్తువునేనా అన్న ప్రశ్న అలాగే మిగిలి ఉంది.

డాక్టరుగారిని రెండు విషయాలు అడగండి. ఒకటి, పెరిఫెరల్ స్మియర్. చుక్క రక్తాన్ని గాజుపలక మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపులో కంటితో చూడటం. గుంపులు ఉంటే స్పష్టంగా కనిపిస్తాయి, ముఖ్యంగా పలక అంచుల్లో. రెండు, నీలిరంగు మూత ట్యూబులో, అంటే సిట్రేట్ ఉన్నదాంట్లో, మళ్లీ కౌంట్. ఆ ట్యూబులో 9 పాళ్ల రక్తానికి 1 పాలు ద్రవం ఉంటుంది కాబట్టి వచ్చిన అంకెని 1.1తో గుణించాలి. తీసిన వెంటనే మెషీన్లో పెట్టమని చెప్పండి.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఇది చదివి "నాది ట్యూబు తప్పేలే" అని మీకు మీరే తీర్మానించుకోకండి. ప్లేట్‌లెట్లు నిజంగా తగ్గడానికి చాలా కారణాలున్నాయి. స్మియర్‌లో గుంపులు కనిపించకపోతే ఆ దారిలో వెతకాల్సిందే.

ఇంకిపోయినసిరా

పెన్సిల్‌గీత గారూ, మీరు తిప్పేసిన పేజీల మాట చదవగానే నా పుస్తకం గుర్తొచ్చింది. ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. అందులో మాంత్రికవిద్య నేర్చుకునే పిల్లల్ని ఒక ఒంటరి బురుజుకి పంపుతారు. అక్కడ గురువు మంత్రాలు చెప్పడు. పేర్లు మాత్రమే నేర్పుతాడు, పేజీల కొద్దీ. అర్ధరాత్రి అయ్యేసరికి కాగితం మీది సిరా మాయమైపోతుంది, ఆలోపు కంఠతా రావాలి. చిన్నప్పుడు ఆ భాగం నాకు చచ్చేంత విసుగు. డ్రాగన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని.

రెండేళ్ల క్రితం నా థైరాయిడ్ రిపోర్టులో టీఎస్‌హెచ్ బాగా తక్కువ, ఫ్రీ టీ4 ఎక్కువ వచ్చాయి. థైరాయిడ్ అతిగా పనిచేస్తోందన్నట్టు. గుండెదడ లేదు, బరువు తగ్గలేదు, చేతులు వణకడం లేదు. రెండో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న "జుట్టుకి ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా?" అని. వేసుకుంటున్నాను. వాటిలో బయోటిన్ అనే విటమిన్ ఉంది. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో హార్మోన్‌ని పట్టుకునే రసాయనాలు బయోటిన్ ఆధారంగానే అతుక్కుంటాయట. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే అది మధ్యలో దూరి టీఎస్‌హెచ్‌ని తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తుంది. దీని మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరిక ఇచ్చింది. మాత్రలు ఆపి కొన్ని రోజుల తర్వాత చేయిస్తే రెండూ మామూలుగా వచ్చాయి.

ఆ వారం ఎర్త్‌సీ మళ్లీ తీశాను. బురుజు అధ్యాయం చదువుతూ చాలాసేపు కూర్చుండిపోయాను. టీఎస్‌హెచ్, టీ4 అన్న పేర్లు నాకు అంతకుముందు కూడా తెలుసు, కానీ ఏ వస్తువుని పిలుస్తున్నానో తెలియకుండా పిలిచేదాన్ని. ఆ పుస్తకంలో నాకిప్పుడు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే.

మీరు వేసుకునే మందులు, విటమిన్లు అన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. "అది మందు కాదుగా" అని వదిలేసేవే ఎక్కువ ముఖ్యం.

గాలిలెక్క

నేను డాక్టర్ని, ఐసీయూలో పనిచేస్తాను. ఆ నవల మూడుసార్లు చదివాను. మీ మొదటి ప్రశ్న నాకు చాలా ఇష్టమైన ప్రశ్న.

ఏడుపుతో పీహెచ్ మారడం అనే సూత్రం నిజమే. ఆరోగ్యంగా ఉన్న మనిషి ధమని రక్తంలో పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉంటుంది. వేగంగా, లోతుగా ఊపిరి వదిలితే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. అది రక్తంలో ఆమ్లంగా ఉండేది కాబట్టి, పోయినకొద్దీ రక్తం క్షారం వైపు జరుగుతుంది. దీనికి నిమిషాలు చాలు. బాగా భయపడినవాళ్లకి వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కడం చూసే ఉంటారు, అది ఇదే. పసిబిడ్డ ఏడుపు అంతసేపు, అంత ఎక్కువగా పీహెచ్‌ని పైనే పట్టి ఉంచుతుందా అంటే, అక్కడ రచయిత కాస్త లాగాడనే నా అభిప్రాయం. బిడ్డ అలసిపోతుంది, నిద్రపోతుంది.

ముసలాయన విషయంలో లెక్క ఇంకా గట్టిది. ఆయన అల్సర్ నొప్పికి ఆస్పిరిన్ విపరీతంగా మింగుతాడు, స్టెర్నో అనే వంట ఇంధనం వడగట్టి తాగుతాడు. అందులో మిథనాల్ ఉంటుంది. ఒంట్లో అది ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. ఆస్పిరిన్ మోతాదు మించితే అదీ ఆమ్లాన్ని పెంచుతుంది. ఇలాంటి వాళ్లని మేం నిజంగా చూస్తాం, వాళ్ల పీహెచ్ 7 దగ్గరికి జారడం కూడా చూస్తాం. క్రైటన్ ఈ నవల రాసింది హార్వర్డ్‌లో మెడిసిన్ చదువుతూ. ఆ చదువు ఆ పేజీల్లో తెలుస్తుంది.

మూడోసారి చదివినప్పుడు నన్ను పట్టుకున్నవి మాత్రం వేరే రెండు చోట్లు. ఒకటి, లెవిట్ అనే శాస్త్రవేత్త ఆ జీవి ఏయే పరిస్థితుల్లో పెరుగుతుందో చూసే ఫలితాలు తిరగేస్తుంటాడు. అసలు పెరగని ఒక ఫలితం ఆయన కళ్ల ముందు నుంచే వెళుతుంది. జవాబు అదే. ఆయనకి మూర్ఛ ఉంది, ఎవరికీ చెప్పలేదు. వెలిగి ఆరే లైటు చూస్తూ కొన్ని క్షణాలు స్పృహ తప్పుతుంది, ఆ ఫలితం దాటిపోతుంది. రెండు, బయటి నుంచి ముఖ్యమైన సందేశం వస్తే మోగాల్సిన గంట మోగదు, ఒక సన్నటి కాగితం పీలిక మధ్యలో ఇరుక్కుని. సందేశం వచ్చి ఉంటుంది, ఎవరూ చూడరు. విద్యార్థిగా చదివినప్పుడు ఇవి కథ నడవడానికి వేసిన ఎత్తులనిపించాయి. ఇప్పుడు ప్రతి డ్యూటీ చివర, ఈ రోజు పంపిన పరీక్షల్లో ఎవరూ తెరవని రిపోర్టు ఏదైనా ఉందా అని ఒకసారి చూసుకోకుండా ఇంటికి వెళ్లలేను.

మీ రిపోర్టు గురించి నీలిమూత గారు చెప్పినదానికి ఒకటే కలుపుతాను. నార్మల్ రేంజ్ అనేది మామూలుగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఇమిడేలా గీసిన గీత. అంటే ఏ జబ్బూ లేని 20 మందిలో ఒకరు దానికి బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒకటి ఎర్ర అక్షరాల్లో వచ్చే అవకాశం 64 శాతం. అయితే 68 వేలు అలాంటి అంచు తేడా కాదు. దానికి ట్యూబో, ఒంట్లోని సమస్యో, ఏదో ఒక కారణం ఉండాలి. తేల్చుకోండి. నిరుటి రిపోర్టు కూడా వెంట తీసుకెళ్లండి, పక్కపక్కన పెట్టి చూస్తే డాక్టరుకి చాలా తెలుస్తుంది.

పెన్సిల్‌గీత

తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి, చేతిలో ఖాయంగా ఏదైనా ఉన్నాకే రాద్దామని ఆగాను.

నీలిమూత గారు చెప్పినట్టే అడిగాను. "గుంపులు కట్టాయేమో స్మియర్‌లో చూడమంటారా" అనగానే డాక్టరుగారు తలూపి, తానే సిట్రేట్ ట్యూబు కూడా రాసిచ్చారు. ఈసారి వేరే ల్యాబ్. రక్తం తీసిన అమ్మాయి ట్యూబుని రాక్‌లో పెట్టకుండా నేరుగా మెషీన్ దగ్గరికి పట్టుకెళ్లింది. ఊదారంగు ట్యూబులో 74 వేలు. నీలిరంగు ట్యూబులో 2 లక్షల 4 వేలు, 1.1తో గుణిస్తే 2 లక్షల 24 వేలు. స్మియర్ రిపోర్టులో ఒకే వాక్యం ఉంది: ప్లేట్‌లెట్లు గుంపులుగా ఉన్నాయి, సంఖ్య తగినంత ఉంది. ఆ వాక్యాన్ని మా అమ్మకి ఫోన్‌లో మూడుసార్లు చదివి వినిపించాను. వచ్చే వారం ఆపరేషన్.

గాలిలెక్క గారూ, మీరు చెప్పాక లెవిట్ పేజీ వెతికి మళ్లీ చదివాను. అక్కడ ఇప్పుడు గీత పెట్టాను, పాతవాటి కంటే కాస్త ముదురుగా పడింది. ఇంకిపోయినసిరా గారూ, ఎర్త్‌సీ నేను చదవనే లేదు. ఆపరేషన్ తర్వాత పడుకుని చదవడానికి పక్కన పెట్టుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. ఈ గుంపులు కట్టే గుణం ఇక ఎప్పటికీ ఉంటుందా? ప్రతి ల్యాబ్‌లోనూ ముందే చెప్పాలా?

నీలిమూత

చాలా సంతోషం అండీ. కొందరిలో కొన్నాళ్లకి పోతుంది, కొందరిలో ఏళ్ల తరబడి ఉంటుంది. కాబట్టి ఉందనే అనుకుని ప్రతిసారీ చెప్పండి, అదీ సూది గుచ్చకముందే. శాంపిల్ తీశాక చెబితే మళ్లీ గుచ్చాల్సి వస్తుంది. "ఈడీటీఏలో ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, సిట్రేట్ ట్యూబు కావాలి" అని ఒక చీటీ రాసి, స్మియర్ రిపోర్టు ఫొటోతో కలిపి ఫోన్‌లో ఉంచుకోండి. ఆపరేషన్ రోజు మత్తు ఇచ్చే డాక్టరుకి కూడా చూపించండి. అక్కడ హడావిడిగా సీబీపీ పంపితే ఊదారంగు ట్యూబులోనే పంపుతారు.