1990 నాటి సినిమా పాటల క్యాసెట్‌కి బూజు, ఎలా తీయాలి?

మాది అమలాపురం. 1990లో షాపులో పాటల లిస్టు ఇచ్చి రికార్డు చేయించుకున్న 60 నిమిషాల క్యాసెట్ ఇది. ఎ వైపు ‘జగదేక వీరుడు అతిలోక సుందరి’, బి వైపు ‘కొండవీటి దొంగ’, ‘బొబ్బిలి రాజా’. మూడూ ఇళయరాజావే. మొదటిది మే 9న, సరిగ్గా తుఫాను రోజే విడుదలైంది కాబట్టి మా వైపు ఎవరూ మర్చిపోరు. పాటలు యూట్యూబ్‌లో ఉన్నాయని చెప్పకండి, తెలుసు. పాటకీ పాటకీ మధ్య షాపాయన గంభీరంగా సినిమా పేరు చెబుతాడు, అది ఇందులో తప్ప ఎక్కడా దొరకదు.

ఎ వైపు మొదటి పది నిమిషాలు శుభ్రంగా వస్తుంది. ఆ తర్వాత దుప్పటి కప్పినట్టు గొంతులు మూసుకుపోయి, కీచుమంటుంది. తిప్పి బి వైపు వేస్తే చివరి పది నిమిషాలే బాగుంటాయి. చుట్ట అంచున తెల్లటి మచ్చలు కనిపిస్తున్నాయి. ఇన్నాళ్లూ అటక మీదే ఉంది, మన తేమ సంగతి తెలిసిందే.

హెడ్డు, రబ్బరు రోలరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. వేరే టూ ఇన్ వన్‌లో వేసినా ఇంతే. మిగతా క్యాసెట్లు రెండింట్లోనూ బాగానే ఆడుతున్నాయి. టేపుని స్క్రూలున్న వేరే డబ్బాలోకి మార్చాక కీచు తగ్గింది గానీ, నిమిషం ఆడేసరికి హెడ్డుకి తెల్లపొడి పట్టేస్తోంది. ఎండలో పెట్టమన్నారు ఒకరు. టేపు సాగుతుందని భయమేసి పెట్టలేదు.

రికార్డింగ్ చెడకుండా టేపు మీద బూజుని దేనితో, ఎలా తుడవాలి?