జీతం అందక జట్టు వదిలిన ఆటగాడిని తప్పుపట్టవచ్చా? మా మేనల్లుడి ఒప్పందం విషయంలోనూ సలహా కావాలి

క్లాక్ టవర్ సెంటర్, నల్లగొండ

అందరికీ నమస్కారం. సాయంత్రాలు మేకల అభినవ్ స్టేడియంలో ఫుట్‌బాల్ ఆట ముగిశాక మా వాళ్ల మధ్య ఎంతకీ తెగని వాదన ఒకటి నడుస్తున్నది. దానిని ఆట తెలిసిన మీ ముందు పెడుతున్నాను. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు ఎత్తింది. అదే క్లబ్ 2023-24 సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటంటే ఒక్కటే గెలిచి, 8 పాయింట్లతో పట్టిక అట్టడుగున మిగిలింది. ఆ సీజన్ మధ్యలో జీతాలు అందడం లేదన్న వార్తలు వచ్చాయి, జనవరి విండోలో, అంటే క్లబ్ మారడానికి అనుమతి ఉండే గడువులో, ఆటగాళ్లు ఒకరి వెంట ఒకరు వెళ్లిపోయారు. కష్టకాలంలో జెర్సీ విప్పినవాడు మన వాడెట్లా అవుతాడని మా వాళ్లలో కొందరు ఇప్పటికీ కోపంగానే ఉన్నారు. నాకు మాత్రం ఆ కోపం సరైన మనుషుల మీదికి పోతున్నట్టు అనిపించడం లేదు.

రెండో సంగతి మా ఇంటిది. మా అక్క కొడుకుకు 17 ఏళ్లు, లెఫ్ట్ వింగ్‌లో ఆడతాడు, బంతి పట్టుకుంటే ఇద్దరిని దాటనిదే ఇవ్వడు. వాడు శిక్షణ తీసుకుంటున్న చోట స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసి సంతకం పెట్టమంటున్నారు. పేరు రాయడం నాకు ఇష్టం లేదు. ఐదేళ్ల కాలం, జీతం అని రాయాల్సిన చోట ఖాళీ, మధ్యలో వెళ్తే తండ్రి కట్టాల్సిన మొత్తం మాత్రం అంకెల్లోనూ అక్షరాల్లోనూ స్పష్టంగా ఉన్నది. ఒక నకలు ఇవ్వండి, ఇంట్లో చదువుకొని వస్తామంటే, సంతకం అయ్యాక ఇస్తామన్నారు. బావ వ్యవసాయం చేసుకునే మనిషి, పిల్లవాడి అవకాశం పోతుందేమోనన్న భయంతో పెట్టేద్దామంటున్నాడు. నియమాలు ఏం చెబుతాయో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పాలమూరు డిఫెండర్, మహబూబ్‌నగర్

మీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసింది రాస్తాను, ఎందుకంటే ఆ జట్టును నేను మొదటి సీజన్ నుంచి చూశాను. 2019-20లో హైదరాబాద్ అట్టడుగునే మొదలైంది, 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లు. మరుసటి సీజన్‌కు కోచ్‌గా ఖరారైన ఆల్బర్ట్ రోకా 2020 ఆగస్టులో బార్సిలోనా పిలుపు రావడంతో వెళ్లిపోయాడు. ఆ ఖాళీలో మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆయన పెద్ద పేర్ల వెంట పడకుండా ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి కుర్రాళ్లకు వరుసగా మ్యాచ్‌లు ఇచ్చాడు. 2020-21లో ఐదో స్థానం, 2021-22లో లీగ్‌లో రెండో స్థానంతో పాటు కప్పు, 2022-23లో 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం. ఫైనల్‌లో 88వ నిమిషంలో సాహిల్ తవోరా బాక్సు బయటినుంచి నేలకు దిగకముందే కొట్టిన బంతి గోల్‌లోకి దూసుకుపోయి స్కోరు సమం చేసిన తీరు, ఆ తర్వాత మన గోల్‌కీపర్ కట్టిమణి షూటౌట్‌లో మూడు పెనాల్టీలు ఆపిన తీరు నేను బతికున్నంతకాలం మరిచిపోను.

ఇప్పుడు బదిలీల వరుస గమనించండి. లిస్టన్ 2021లో మోహన్ బగాన్‌కు వెళ్లాడు, క్లబ్‌కు మంచి బదిలీ రుసుము వచ్చింది, మరుసటి ఏడాది మనమే కప్పు గెలిచాం. ఆశిష్ రాయ్ 2022లో అదే క్లబ్‌కు వెళ్లాడు, అయినా మనం రెండో స్థానంలోనే నిలిచాం. కనుక మంచి ఆటగాడు వెళ్లిపోవడం వల్ల జట్టు కూలుతుందన్న మాటను ఆ రెండు సీజన్లే కొట్టేస్తున్నాయి. 2023 వేసవిలో జరిగింది వేరు. కోచ్ ఎఫ్‌సీ గోవాకు, ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి, సివేరియో, బోర్హా హెరేరా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు, 2021-22లో 18 గోల్స్ కొట్టిన ఓగ్బెచే కూడా జట్టులో లేడు. వాళ్ల స్థానంలో సమానమైన వాళ్లను తెచ్చుకోవడానికి చెల్లించని బకాయిల మూలంగా వచ్చిన నమోదు నిషేధం అడ్డుపడింది. పోయినవాళ్లు పోగా, ఉన్నవాళ్లకు జీతం లేదు, కొత్తవాళ్లకు దారి లేదు. కొత్త కోచ్ తంగ్‌బోయ్ సింగ్తో చేతికి చివరికి మిగిలింది అనుభవం లేని కుర్రాళ్ల బృందం. ఆ పిల్లలు ప్రతి మ్యాచ్‌కూ దిగి 90 నిమిషాలు పరుగెత్తారు, వాళ్లను కూడా కొందరు తిట్టడం నాకు బాధ కలిగించింది.

జనవరిలో వెళ్లినవాళ్లు అప్పటికే నెలల తరబడి ఆడి చూశారు. ఇల్లు గడవాల్సిన మనిషి వేరే పని చూసుకుంటే మన పాలమూరులో ఎవరూ తప్పనరు. ముంబై, పుణె మేస్త్రీల దగ్గర కూలి ఆగినప్పుడు మన ఊళ్లవాళ్లు ఏం చేస్తారో మనకు తెలియనిది కాదు.

మిర్యాలగూడ లైన్స్‌మన్

పాలమూరు అన్నగారు చెప్పినదానికి నియమాల వైపునుంచి కొంత కలుపుతాను. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా బదిలీ నియమావళిలో 14బిస్ అనే నిబంధన 2018 జూన్ నుంచి అమలులో ఉన్నది. క్లబ్ కనీసం రెండు నెలల జీతం ఎగ్గొడితే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, బాకీ తీర్చడానికి కనీసం 15 రోజుల గడువు పెట్టాలి. ఆ గడువు దాటినా డబ్బు రాకపోతే ఒప్పందాన్ని న్యాయమైన కారణంతో రద్దు చేసుకునే హక్కు అతనికి వస్తుంది. ఈ దారిలో వెళ్లినవాడిని ద్రోహి అనడానికి ఆధారమే లేదు, ఎందుకంటే ఒప్పందాన్ని ముందు విరిచింది జీతం ఇవ్వనివాడే.

అయితే దారి తప్పి వెళ్తే పరిస్థితి తిరగబడుతుంది. జీతం రాలేదని నోటీసు ఇవ్వకుండా ప్రాక్టీసు మానేసినా, ఫోన్ ఎత్తకుండా ఇంటికి వెళ్లిపోయినా, తప్పు ఆటగాడి మెడకు చుట్టుకుంటుంది. సరైన కారణం లేకుండా ఒప్పందం విరిస్తే పరిహారం కట్టాలి. దానికి తోడు రక్షిత కాలంలో, అంటే ఒప్పందం అమలైన తొలి సీజన్లలో, విరిస్తే ఆటకు దూరం చేసే శిక్ష కూడా ఉంటుంది. 28 ఏళ్లు నిండకముందు సంతకం చేసినవాడికి ఆ కాలం మూడు సీజన్లు లేదా మూడేళ్లు, ఆ తర్వాత చేసినవాడికి రెండు. 2024లో అన్వర్ అలీ వ్యవహారం చూశాం. మోహన్ బగాన్‌తో ఉన్న నాలుగేళ్ల లోన్ (ఆటగాడిని అరువుకు ఇచ్చే) ఒప్పందాన్ని మధ్యలో తెంచుకొని ఢిల్లీ ఎఫ్‌సీ మీదుగా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లినందుకు, దేశ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన ఏఐఎఫ్‌ఎఫ్‌లోని ఆటగాళ్ల స్థాయీ కమిటీ ఆ సెప్టెంబరులో అతనికి నాలుగు నెలల నిషేధం, రెండు క్లబ్‌లకు రెండు విండోల నమోదు నిషేధం, ముగ్గురి మీదా కలిపి 12.90 కోట్ల రూపాయల పరిహారం విధించింది. విషయం ఢిల్లీ హైకోర్టుకు చేరాక ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకొని మళ్లీ విచారణ మొదలుపెట్టారు. దేశంలో అగ్రశ్రేణి డిఫెండర్‌కే ఇంత చిక్కు వచ్చినప్పుడు, ఊరి పిల్లవాడు కాగితం చదవకుండా సంతకం పెట్టడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

మరొక సంగతి ఎక్కువమందికి తెలియదు. విదేశీ ఆటగాడికీ మన క్లబ్‌కూ మధ్య తగాదా నేరుగా ఫిఫా ఫుట్‌బాల్ ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. అక్కడ తీర్పు వచ్చాక 45 రోజుల్లో క్లబ్ కట్టకపోతే, కట్టేదాకా కొత్తవారిని నమోదు చేయకుండా నిషేధం పడుతుంది, అది గరిష్ఠంగా వరుసగా మూడు విండోలు ఉండవచ్చు. భారత ఆటగాడికీ భారత క్లబ్‌కూ మధ్య తగాదా మాత్రం ఏఐఎఫ్‌ఎఫ్ కమిటీ ముందే తేలాలి. కనుక విదేశీయుడి బాకీ క్లబ్ మెడమీద కత్తిలా ఉంటుంది, మన కుర్రాడి బాకీ వెనక్కి పోతుంది. ఈ తేడాను మన అభిమానులు గట్టిగా ప్రశ్నించాలని నా అభిప్రాయం.

క్లాక్ టవర్ తమ్ముడూ, మీ మేనల్లుడి విషయం విడిగా రాస్తాను. ముందు ఒక్క మాట: ఈ రాత్రికి ఎవరూ సంతకం పెట్టవద్దు.

వనపర్తి గ్యాలరీ

ఆటగాళ్ల పక్షాన ఇద్దరూ చెప్పినది ఒప్పుకుంటాను. కాని అభిమాని కోపాన్ని పూర్తిగా తీసిపారేయవద్దని మనవి. 2020-21, 2021-22 సీజన్లు రెండూ కోవిడ్ మూలంగా గోవాలోనే జరిగాయి. అంటే మన క్లబ్ తన గొప్ప జట్టును తయారుచేసుకున్న రోజుల్లో, కప్పు గెలిచిన రోజున కూడా, గచ్చిబౌలిలో మన ముందు ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2022 అక్టోబరులో జట్టు సొంత మైదానానికి తిరిగి వచ్చింది, మరుసటి వేసవికే చెల్లాచెదురైంది. వనపర్తి నుంచో నల్లగొండ నుంచో మ్యాచ్‌కు వెళ్లినవాడు రాత్రి పదింటికి గచ్చిబౌలిలో లేచి, ఎంజీబీఎస్‌కో ఎల్బీనగర్‌కో చేరి చివరి బస్సు పట్టుకోవాలి. అట్లా వెళ్లిన మనుషులకు ఏ సంజాయిషీ దక్కలేదు. 2024లో యాజమాన్యం జిందాల్ గ్రూపు చేతికి మారింది, 2024-25లో చివరి నుంచి రెండో స్థానం వచ్చింది, 2025లో క్లబ్ ఢిల్లీకి వెళ్లి పేరు కూడా మార్చుకొన్నది. ఆటగాడికి 15 రోజుల నోటీసు హక్కు ఉన్నది. టిక్కెట్టు కొన్నవాడికి ఏ నోటీసూ రాలేదు.

అసలు కోపం ఉండాల్సింది వెళ్లిన ఆటగాడి మీద కాదని నేనూ అంటాను. ఎగ్గొట్టిన యాజమాన్యం మీద, సకాలంలో అడగని లీగ్ నిర్వాహకుల మీద ఉండాలి. సీజన్ మొదలుకాకముందే క్లబ్ దగ్గర జీతాలకు సరిపడా డబ్బు ఉన్నదో లేదో చూసి లైసెన్సు ఇవ్వడానికి ప్రమాణాలు ఉన్నాయి. అవి కాగితం మీద మిగలకుండా చూసే బాధ్యత ఎవరిదో వాళ్లను అడగాలి.

లైన్స్‌మన్ గారు చెప్పిన దారి తప్పకూడదన్న మాట క్లబ్‌లకు కూడా వర్తిస్తుంది. 2023 మార్చి 3న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీకిక్ త్వరగా వేసి గోల్ చేసినప్పుడు, అడ్డుగా ఆటగాళ్ల గోడ కట్టుకునే సమయమే ఇవ్వలేదంటూ కేరళ బ్లాస్టర్స్ అదనపు సమయంలో మైదానం విడిచి వెళ్లిపోయింది. వాళ్ల ఫిర్యాదులో కొంత పస ఉండవచ్చునని అప్పట్లో నేను కూడా అనుకున్నాను. అయినా 4 కోట్ల జరిమానా, కోచ్ ఇవాన్ వుకమనోవిచ్‌కు పది మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. ఆడి, ఆ తర్వాత ఫిర్యాదు రాసి ఉంటే వాళ్ల మాట వినేవారు ఉండేవారు.

క్లాక్ టవర్ సెంటర్, నల్లగొండ

ముగ్గురికీ ధన్యవాదాలు. మీ జవాబులు బావకు చదివి వినిపించాను. వాళ్లిచ్చిన కాగితాన్ని పిల్లవాడు ఫోన్‌లో ఫొటో తీసి ఉంచాడట, ఇప్పుడు చూశాను. తేదీ వేయలేదు. గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిదన్న మాట ఎక్కడా లేదు. వేరే క్లబ్‌కు వెళ్లాలంటే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కోసం కుటుంబం డబ్బు కట్టాలని ఒక వాక్యం ఉన్నది. ఇది చెల్లుతుందా?

మిర్యాలగూడ లైన్స్‌మన్

మొదట ఐదేళ్ల సంగతి. పెద్దవాళ్లకు గరిష్ఠ కాలం ఐదేళ్లు. 18 ఏళ్లు నిండని ఆటగాడు ప్రొఫెషనల్ ఒప్పందాన్ని మూడేళ్లకు మించి చేసుకోకూడదు, అంతకుమించి రాసిన కాలాన్ని ఫిఫా నియమావళి గుర్తించదు. దానికి తోడు మన దేశ చట్టం ప్రకారం మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదు, అందుకే తండ్రి సంతకం అంత పట్టుబట్టి అడుగుతున్నారు. తండ్రి సంతకం పెడితే ఆ మొత్తానికి ఆయన పూచీ పడినట్టు వాదిస్తారు. కనుక ఆ వాక్యం ఉన్న కాగితం మీద మీ బావ సంతకం అసలే పెట్టకూడదు.

ఇక జీతం. ప్రొఫెషనల్ ఆటగాడు అంటే రాతపూర్వక ఒప్పందం ఉండి, ఆటకు అయ్యే ఖర్చుల కన్నా ఎక్కువ సొమ్ము అందుకునేవాడు. జీతం గడి ఖాళీగా ఉన్నప్పుడు వాడు ఆ నిర్వచనంలోకి రాడు, అమెచ్యూర్‌గానే ఉంటాడు. జీతం ఇవ్వకుండా ప్రొఫెషనల్‌కు పెట్టే కట్టుబాట్లు పెట్టడం న్యాయం కాదు.

పిల్లవాడిని తీర్చిదిద్దినవారికి ప్రతిఫలం అందాలన్న కోరిక తప్పు కాదు, నేను దానిని సమర్థిస్తాను. దానికి దారి వేరే ఉన్నది. శిక్షణ పరిహారం కట్టాల్సింది పిల్లవాడిని ప్రొఫెషనల్‌గా నమోదు చేసుకునే కొత్త క్లబ్, కుటుంబం కాదు. రేపు వాడు రుసుముతో దేశం దాటి బదిలీ అయితే, ఆ రుసుములో 5 శాతం 12 నుంచి 23 ఏళ్ల వయసు సీజన్లలో శిక్షణ ఇచ్చిన క్లబ్‌లకు పంచుతారు. 12 నుంచి 15 వరకు ఒక్కో సీజన్‌కు రుసుములో పావు శాతం, 16 నుంచి 23 వరకు అర శాతం. ఈ వాటా నమోదు చరిత్రను బట్టి వస్తుంది. మీ మేనల్లుడు ఏఐఎఫ్‌ఎఫ్ ఆన్‌లైన్ నమోదు వ్యవస్థలో, అంటే సీఆర్‌ఎస్‌లో, ఏ క్లబ్ పేరు మీద ఉన్నాడో ముందు తెలుసుకోండి. అసలు నమోదే కాకపోతే ఆ ఎన్‌ఓసీ మాటకు అర్థమే లేదు.

వాళ్లతో మర్యాదగానే మాట్లాడండి, పిల్లవాడు ప్రాక్టీసు ఒక్క పూట కూడా మానకూడదు. కాలం రెండు సీజన్లు, నెలకు ఇచ్చే సొమ్ము, ఇచ్చే తేదీ, గాయమైతే వైద్యం ఎవరిది, ఇంటర్ పరీక్షలకు సెలవు, సంతకం రోజునే ఒక అసలు ప్రతి మీ చేతికి, ఇవన్నీ రాయమనండి. ఒప్పుకుంటే నల్లగొండ కోర్టులో తెలిసిన వకీలు ఎవరికైనా ఒకసారి చూపించి పెట్టండి. ఒప్పుకోకపోతే ఆ ఫొటో నాకు పంపండి, ఎవరికి రాయాలో కలిసి చూద్దాం.