హాలేజీ సిగ్నల్ తీగకు 30 వోల్టుల హద్దు ఒక్కటే సరిపోతుందా?

తీగలైను:
మా బొగ్గు గనిలో డిగ్రీ-1 సీమ్ (గ్యాస్ తక్కువగా వచ్చే బొగ్గు పొర). టబ్బులను (బొగ్గు బండ్లను) తాడుతో లాగే హాలేజీ దారి మొత్తం ఇన్‌టేకే, అంటే తాజా గాలి లోపలికొచ్చే దారే. గోడ వెంట రెండు జీఐ (జింకు పూత ఇనుప) తీగలు, వాటిని ఒకదానికొకటి ఆనిస్తే హాలర్ (టబ్బులు లాగే యంత్రం) దగ్గర గంట మోగుతుంది. బ్యాటరీ 24 వోల్టులు, రూలు పెట్టిన హద్దు 30. తాజా గాలి వచ్చే దారిలో గ్యాస్ ఎక్కడిది? పాత గంట పీకేసి ఇంట్రిన్సిక్ సేఫ్ (ఐఎస్; రవ్వ వచ్చినా గ్యాస్ అంటుకోనంత తక్కువ శక్తితో నడిచే) సెట్ పెట్టమనడం ఫైలు నింపడానికే అంటాను.

రిటర్న్‌గాలి:
వోల్టులు చూసి ధీమా పడకండి. అసలు రవ్వ వచ్చేది తీగలు ఆనించినప్పుడు కాదు, విడదీసినప్పుడు. గంట కాయిల్‌లో నిల్వ ఉన్న శక్తి ఒక్కసారిగా అక్కడ బయటపడుతుంది. 50 మిల్లీహెన్రీల కాయిల్‌లో అర ఆంపియర్ పారుతోందనుకోండి: ½ × 0.05 × 0.25, అంటే 6 మిల్లీజౌళ్ల పైమాటే. మీథేన్ అంటుకోవడానికి సుమారు 0.3 చాలు. మీ 24 వోల్టులు హద్దు దాటనే లేదు, చూడండి! ఇక ట్రెంబ్లర్ గంట అయితే మోగినంతసేపూ దాని కాంటాక్టు తెగుతూ కలుస్తూనే ఉంటుంది. గ్యాస్ ఉండే సీముల్లో సిగ్నల్ సర్క్యూట్ ఇంట్రిన్సిక్ సేఫ్‌గా ఉండాలన్నది వేరే నిబంధన. 30 పాటిస్తే అది తీరిపోదు.

తీగలైను:
రవ్వ సంగతి ఒప్పుకుంటా. గ్యాస్ మాటేమిటి? 2017 కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం రిటర్న్‌లోనే (వాడిన గాలి బయటికి పోయే దారి) గ్యాస్ 0.75 శాతం మించకూడదు, గనిలో ఎక్కడైనా 1.25 మించకూడదు. పేలాలంటే 5 శాతం ఉండాలి.

ఫ్యాన్‌హౌస్:
ఆ లెక్క ఫ్యాన్ అదే దిక్కున తిరిగినంతసేపే అండీ. మెయిన్ ఫ్యాన్‌ను రివర్స్ చేసే ఏర్పాటు ఉండాలని ఆ రెగ్యులేషన్సే అడుగుతాయి. ఇన్‌టేక్‌లో మంట లేచి గాలి తిప్పారో, ఫేస్ (బొగ్గు తవ్వే చోటు) దగ్గరి గ్యాస్, గోఫ్‌లోది (బొగ్గు తీసేసి వదిలేసిన ఖాళీ) కలిసి మీ హాలేజీ దారిలోంచే పైకి వస్తుంది. సరిగ్గా అప్పుడే టబ్బులు ఆపమని ఎవరో తీగ ఆనిస్తారు. వేల్స్‌లోని సెంగెనిడ్‌లో 1913 అక్టోబర్ 14న 439 మంది గని కార్మికులు పోయారు. నిప్పు ఎలా పుట్టిందో తేలలేదు గానీ, అనుమానించిన వాటిలో సిగ్నల్ గంట రవ్వ ఒకటి. రివర్సిబుల్ ఫ్యాన్ గడువు దాటిపోయినా అక్కడ ఆ పని పూర్తి కాలేదు. మేనేజరుకు పడిన జరిమానా 24 పౌండ్లు.

గంటకోడ్:
తీగలైను గారి వైపు ఒక్క మాట. ఐఎస్ సెట్‌లో కరెంటు తక్కువ కాబట్టి, తుప్పు పట్టిన జాయింటు ఉంటే ‘ఆపు’ గంట హాలర్‌కు చేరదు. అదీ ప్రాణాంతకమే. కాకపోతే మందు పాత గంట కాదు, రిలే (చిన్న కరెంటుతో పనిచేసి వేరే సర్క్యూట్‌ను కలిపే స్విచ్). 4 మి.మీ. జీఐ తీగ కిలోమీటరుకు దాదాపు 11 ఓమ్‌లు. కిలోమీటరు దారికి పోనూ రానూ 22. అర ఆంపియర్‌కు 11 వోల్టులు దారిలోనే పోతాయి. రిలేకు 20 మిల్లీఆంపియర్లు చాలు, పోయేది అర వోల్టు కూడా ఉండదు. గంటకు సప్లై హాలర్ గదిలో విడిగా ఇవ్వండి. రిలే కాయిల్ ఇండక్టెన్స్ ఎక్కువే, అందుకే దానికి అడ్డంగా రెండు డయోడ్లు, కాయిల్ శక్తి తీగల దగ్గర రవ్వగా రాకుండా. ఒకటి కాలినా రెండోది ఉండాలి, రెండూ కాయిల్‌తో పాటే సీల్ చేసి ఉండాలి.

రిటర్న్‌గాలి:
ఐఎస్ సర్టిఫికెట్‌ను సప్లై, రిలే, లైను మూడింటికీ కలిపి ఇస్తారు. గంట సరిగా వినపడట్లేదని ఎలక్ట్రీషియన్ అదే లైనుకు ఇంకో గంట తగిలించాడా, అది ఐఎస్ కాదు.

తీగలైను:
రిలే ఒప్పుకున్నా. తీగల మధ్య చెమ్మ పట్టి గంట దానంతటదే మోగితే?

గంటకోడ్:
లైను చివరి కొస దేనికీ కలపకుండా వదిలేసి, ఇన్సులేటర్లు తడిగా ఉన్నప్పుడే లీకేజీ కొలవండి. అది రిలే పట్టే కరెంటులో సగం దాటితే ఇన్సులేటర్లు మార్చాలి. రిలే స్ప్రింగ్ బిగించి సర్దుకోకండి, రేపు అసలు గంటే మోగదు.